సాఫ్ట్ లూర్ల కోసం లిక్విడ్ ప్లాస్టిక్: ఏది కొనాలి, ఎంత కొనాలి, ఎక్కడ కరిగించాలి?

నమస్తే అండి. మీరు అడిగింది ఇదీ: హెచ్-1బి వీసా మీద డాలస్ దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారు, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. శనాదివారాలు లూయిస్‌విల్ లేక్‌లో బాస్ చేపలకు గాలం వేస్తున్నారు. కొన్న సాఫ్ట్ లూర్లు, అంటే ఎరగా వాడే మెత్తటి ప్లాస్టిక్ వానపాములు, ప్యాకెట్లకు ప్యాకెట్లు అయిపోతున్నాయి కాబట్టి సొంతంగా పోసుకుందామని ఉంది. లిక్విడ్ ప్లాస్టిక్ ఏది కొనాలి, ఐదు గాలన్ల బకెట్ చౌకగా వస్తోంది తీసుకోవచ్చా, వంటింటి మైక్రోవేవ్‌లో కరిగించవచ్చా, నాలుగు ప్యాకెట్లు స్నేహితులకు అమ్ముకోవచ్చా?

ముందు సూటిగా జవాబు. సాఫ్ట్ లూర్ల కోసమే తయారుచేసిన ప్లాస్టిసాల్ అనే ద్రవం, మెత్తదనంలో మీడియం రకం, ఒక్క గాలన్ కొనండి. చేతకాదేమో అన్న అనుమానం ఉంటే క్వార్ట్ (పావు గాలన్) చాలు. ఐదు గాలన్ల బకెట్ ఇప్పుడే వద్దు. వంటింటి మైక్రోవేవ్ అసలే వద్దు, అపార్ట్‌మెంట్ లోపల ఎక్కడా వద్దు. అమ్మకం సంగతి చివర్లో చెబుతాను, అందులో మీ వీసా గురించి కూడా ఆలోచించాలి.

నేను పదకొండేళ్ళుగా గరాజ్‌లో వీటిని పోస్తున్నాను. ఇన్నేళ్ళలో నా దగ్గర పాడైన బ్యాచ్‌లన్నీ గుర్తుచేసుకుంటే కారణాలు రెండే కనిపిస్తాయి. ఒకటి, డబ్బాలో అడుగుకు దిగినదాన్ని సరిగా కలపకపోవడం. రెండోది, వేడి దాటిపోవడం. కంపెనీ పేరు వల్ల పాడైనది ఒక్కటి కూడా లేదు. కొత్తవాళ్ళందరూ ఏ బ్రాండ్ మంచిదని అడుగుతారు, థర్మామీటర్ ఏది కొనాలని మాత్రం ఎవరూ అడగరు.

కొనేటప్పుడు పేరు విషయంలో జాగ్రత్త. ఆన్‌లైన్‌లో ‘లిక్విడ్ ప్లాస్టిక్’ అని వెతికితే ముందుగా వచ్చేవి చాలావరకు రెండు సీసాల రెజిన్ కిట్లు. అవి యూరిథేన్ రకాలో, ఎపాక్సీలో అయి ఉంటాయి. రెండూ కలిపి పోస్తే వేడి చేయకుండానే గట్టిపడి బొమ్మల్లా, పలకల్లా తయారవుతాయి. వాటితో వానపాము పోస్తే పెన్సిల్ అవుతుంది. అలాగే టీషర్టుల మీద ప్రింటింగ్‌కు వాడే ప్లాస్టిసాల్ ఇంక్, పనిముట్ల పిడులకు తొడుగు వేసే ప్లాస్టిసాల్ కూడా దొరుకుతాయి. జాతి ఒకటే అయినా పాళ్ళు వేరు, అవి మనకు పనికిరావు. డబ్బా మీద ‘ఒకే భాగం, వేడి చేసి పోయాలి, సాఫ్ట్ బెయిట్ల కోసం’ అనే అర్థం వచ్చే మాటలు ఉండాలి. ఫోర్ట్‌వర్త్‌కు చెందిన ఎం-ఎఫ్ మాన్యుఫాక్చరింగ్, మోల్డులకు (ఎర పోసే అచ్చులకు) పేరున్న డూ-ఇట్ లాంటివాళ్ళు ఇందుకోసమే అమ్ముతారు. దగ్గరి ఊరి నుంచి తెప్పించుకుంటే షిప్పింగ్ కలిసొస్తుంది. ద్రవం బరువు కాబట్టి ధరలో ఆ తేడా బాగా కనిపిస్తుంది.

అసలిది ఏమిటో తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. ప్లాస్టిసాల్ అంటే పీవీసీ పొడి, నూనె లాంటి ప్లాస్టిసైజర్‌లో తేలుతూ ఉండటం. కరిగిపోయి ఉండదు, తేలుతూ ఉంటుంది. అందుకే పాలలా తెల్లగా కనిపిస్తుంది. వేడి తగలగానే పొడి ఆ నూనెను పీల్చుకుని ఉబ్బుతుంది, అంతా కలిసి ముద్దవుతుంది, ఇంకా వేడెక్కితే మళ్ళీ పలచబడి తేటగా మారుతుంది. చల్లారితే సాగే ఎర. ఇంట్లో సున్నం కలిపి ఒక రాత్రి వదిలేస్తే పొద్దుటికి అడుగున దిగి పైన నీళ్ళు తేలినట్టే, ఇది కూడా డబ్బాలో ఊరికే ఉంటే పొడి అడుగుకు దిగి బిగుసుకుంటుంది.

నా మొదటి గాలన్ అలాగే పోయింది. డబ్బాను నాలుగుసార్లు ఊపి, కలిసిపోయిందనుకుని పోశాను. మొదటి వారం చేసిన పురుగులు (ఈ ప్లాస్టిక్ వానపాములనే అలా అంటాం) ఎంత ఆరినా జిగురుగానే ఉన్నాయి, సంచిలో నూనె కక్కాయి, కొక్కేనికి గుచ్చితే చిరిగిపోయాయి. డబ్బా సగానికి వచ్చాక పోసినవేమో టైరు ముక్కల్లా గట్టిగా వచ్చాయి. సరుకు బాగాలేదని అమ్మినవాళ్ళకు కోపంగా ఉత్తరం కూడా రాశాను. తరవాత డబ్బాను కోసి చూస్తే అడుగున రెండంగుళాల మందాన తెల్లటి పిండి అతుక్కుని ఉంది. పైనున్న నూనె ముందు వాడేశాను, పొడి చివరికి మిగిలింది. తప్పు సరుకుది కాదు.

అందుకని డబ్బా రాగానే పొడుగాటి గరిటెతోనో, డ్రిల్లుకు తగిలించే పెయింట్ తెడ్డుతోనో అడుగు గీకి మరీ కలపండి. గరిటె పైకి తీస్తే ముద్దలు అంటుకుని రాకూడదు. డ్రిల్లు నెమ్మదిగా తిప్పండి, వేగంగా తిప్పితే గాలి బుడగలు చేరతాయి. కలిపాక అరగంట వదిలేస్తే బుడగలు చాలావరకు పైకి వచ్చి పోతాయి. వాడే ప్రతిసారీ ఇదే పని మళ్ళీ చేయాలి. నెల రోజులు ముట్టుకోని డబ్బా అయితే ముందురోజు రాత్రే తలకిందులుగా పెట్టండి, సగం శ్రమ తగ్గుతుంది. మూత మాత్రం గట్టిగా బిగించి పెట్టండి.

ఐదు గాలన్లు వద్దన్నది కూడా ఇందుకే. అంత బరువైన బకెట్ అడుగు నుంచి కలపడం అనుభవం ఉన్నవాళ్ళకే కష్టం. పైగా మన టెక్సాస్ వేసవిలో గరాజ్ లోపల 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. ఆ వేడికి ప్లాస్టిసాల్ డబ్బాలోనే మెల్లమెల్లగా చిక్కబడుతుంది. ఒక ఆగస్టులో నేను గరాజ్‌లో వదిలేసిన సగం గాలన్ అక్టోబరుకు దోశపిండిలా తయారైంది. ఇంట్లో నీడపట్టున, పిల్లలకు అందని అల్మరాలో ఉంచుకోగలిగినంతే కొనాలి. లెక్క కూడా చూడండి. ఐదంగుళాల లావు వానపాము ఒకటి సుమారు 10 మిల్లీలీటర్లు తాగుతుంది. గాలన్ అంటే 3.78 లీటర్లు. వృథా పోగా 350 వరకు వస్తాయి. శనాదివారాల గాలానికి ఏడాదికి సరిపోతాయి.

మెత్తదనం మాటకొస్తే, సాఫ్ట్, మీడియం, హార్డ్, సముద్రపు చేపల కోసం ఇంకా గట్టిది అని రకరకాలుగా వస్తాయి. మీడియం కొని పక్కన చిన్న సీసా సాఫ్టెనర్ ఉంచుకుంటే అన్నీ కుదురుతాయి. తోక ఊగాల్సిన పురుగుకు కాస్త సాఫ్టెనర్ కలుపుకోవచ్చు. హార్డ్ కొని మెత్తబరచడం కన్నా ఇది తేలిక. హీట్ స్టెబిలైజర్ కూడా ఒక చిన్న సీసా కొనండి, తెలుపు, లేత రంగులు పోయాలంటే అది లేకుండా పసుపు తిరుగుతుంది. ఎంత కలపాలో సీసా మీదే ఉంటుంది, అంతకు మించి పోయకండి.

ఇక వేడి. అరిసెల పాకం పట్టినవాళ్ళకు ఇది తొందరగా అర్థమవుతుంది. పాకం రానిది ఎందుకూ పనికిరాదు, ముదిరితే మళ్ళీ వెనక్కి రాదు. ప్లాస్టిసాల్ కూడా అంతే. పాలలా ఉన్నది మొదట చిక్కబడి, 200 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక ఉండలు ఉండలుగా ముద్దవుతుంది. చాలామంది ఇక్కడే పాడైపోయిందని కంగారుపడతారు. పాడవలేదు, కలుపుతూ ఉండండి. 300 దాటాక పలచబడుతుంది, 325 నుంచి 350 మధ్య (సుమారు 163 నుంచి 177 సెల్సియస్) తేటగా, తేనెలా జారుతుంది. పోయాల్సింది అప్పుడే. తక్కువ వేడిలో పోస్తే పురుగు పైకి బాగానే కనిపిస్తుంది కానీ కొక్కెం గుచ్చగానే తునిగిపోతుంది, లోపల పొడి పూర్తిగా కలవలేదు కాబట్టి. మీ బ్యాచ్‌కు సరైన వేడి ఎంతో డబ్బా మీద రాసి ఉంటుంది, దాన్నే పట్టుకోండి.

350 దాటనివ్వకండి. ఆ పైన పసుపు తిరుగుతుంది, తరవాత గోధుమ రంగు, తరవాత పొగ. ఆ పొగ ఉత్త ప్లాస్టిక్ వాసన కాదు. పీవీసీ మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. తడి తగిలితే అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం అవుతుంది, ఆ తడి మన కళ్ళలో, గొంతులో, ఊపిరితిత్తుల్లో ఉంటుంది. నాకు రెండో ఏట ఇది అనుభవమైంది. గరాజ్‌లో ఈ పనికే పెట్టుకున్న మైక్రోవేవ్‌లో కప్పు పెట్టి ఫోన్ మాట్లాడుతూ ఒక నిమిషం ఎక్కువ ఉంచాను. తలుపు తీయగానే తెల్లటి పొగ ముఖానికి కొట్టింది. రెండు రోజులు దగ్గు తగ్గలేదు, మెట్లెక్కితే ఛాతీ పట్టేసింది. ఆ రోజు గరాజ్ తలుపు తెరిచే ఉంది. మూసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా ఇష్టం ఉండదు. మాడిందని అనుమానం వస్తే కప్పు బయటికి తీయకండి. మైక్రోవేవ్ ఆపి, తలుపు మూసే ఉంచి, మీరు అవతలికి వెళ్ళిపోండి. చల్లారాక గట్టిపడిన ముద్దను తీసి చెత్తలో వేయవచ్చు.

మాస్కు గురించి ఒక మాట. ఎన్-95 దుమ్మును ఆపుతుంది, వాయువును ఆపదు. సేంద్రియ ఆవిర్లు, ఆమ్ల వాయువులు రెండింటినీ ఆపే కార్ట్రిడ్జ్‌లున్న రెస్పిరేటర్ కావాలి, అమెరికాలో ఆ రకానికి పసుపు రంగు గుర్తు ఉంటుంది. గడ్డం ఉంటే అది ముఖానికి సరిగా అతుక్కోదు.

కరిగించే పద్ధతి నేను ఇలా చేస్తాను. వేడికి తట్టుకునే పైరెక్స్ గాజు కప్పులో సగానికి మించకుండా పోస్తాను. మైక్రోవేవ్‌లో మొదట ఒకటిన్నర నిమిషం, తీసి కలపడం, ఆ తరవాత 30 సెకన్ల చొప్పున. ప్రతిసారీ కలిపాకే వేడి చూడాలి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పైపొర వేడినే చూపిస్తుంది, కలపకుండా చూస్తే పైన 280 అని చూపించి నడిమధ్యలో మాడుతూ ఉండొచ్చు. కలపడానికి లోహపు చెంచా వాడండి, కప్పు మళ్ళీ లోపల పెట్టేటప్పుడు మాత్రం చెంచా తీసేయాలి. ఐస్‌క్రీమ్ పుల్లల్లాంటి చెక్క పుల్లల్లో తేమ ఉంటుంది, దానివల్ల బుడగలు వస్తాయి.

తేమ గురించి ఇంకాస్త చెప్పాలి. మరిగే నూనెలో తడి గరిటె పెడితే ఏమవుతుందో మన ఇళ్ళలో అందరికీ తెలుసు. ఇది నూనె కన్నా చెడ్డది, ఎందుకంటే చర్మానికి అతుక్కుని అక్కడే ఉండి కాలుస్తుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో సొంతంగా మోల్డు చేసుకుంటే పైకి ఆరినట్టు కనిపించినా లోపల రోజుల తరబడి నీరు ఉంటుంది. నా ఎడమ మణికట్టు మీద రూపాయి బిళ్ళంత మచ్చ అలాంటి మోల్డు వల్ల వచ్చిందే. వారం పది రోజులు ఆరబెట్టి, సీలర్ పూత వేసి, అదీ పూర్తిగా ఆరాకే పోయండి. పొడుగు చేతుల నూలు చొక్కా, తోలు గ్లవ్స్, ముఖానికి షీల్డ్, బూట్లు ఉండాల్సిందే. చెప్పులతో ఈ పని చేయకండి. కాలితే వెంటనే చల్లటి కుళాయి నీటి కింద కనీసం పది నిమిషాలు పెట్టండి, అతుక్కున్న ప్లాస్టిక్‌ను పీకకండి, పీకితే చర్మం కూడా వస్తుంది. దాన్ని డాక్టర్లు చూసుకుంటారు.

వంటింట్లో ఎందుకు వద్దో ఇప్పుడు మీకే తెలిసి ఉంటుంది. మొదటి ప్లాస్టిక్ పురుగును 1949లో నిక్ క్రీమ్ ఒహాయో రాష్ట్రం ఆక్రన్‌లో తన ఇంటి వంటగదిలోనే తయారుచేశాడని మీకు ఎవరో ఒకరు చెబుతారు. నిజమే. ఆ కంపెనీ తరవాత మన టెక్సాస్‌లోని టైలర్‌కే వచ్చింది. అయినా 1949లో జరిగిందని ఇప్పుడు పిల్లలున్న ఇంట్లో చేయాల్సిన పని లేదు. ఈ ఆవిర్లు పట్టిన మైక్రోవేవ్‌లో మళ్ళీ పాలు వేడి చేయకూడదు. వాడేసిన మైక్రోవేవ్ ఒకటి కొని, మీద పెద్ద అక్షరాలతో ‘తిండికి కాదు’ అని రాసి, గరాజ్ ఉన్న స్నేహితుడి ఇంట్లో పెట్టుకోండి. గరాజ్ తలుపు పూర్తిగా ఎత్తి, పక్క తలుపు కూడా తెరిచి, మీ వీపు వైపు నుంచి గాలి బయటికి పోయేలా ఫ్యాను పెట్టండి. అపార్ట్‌మెంట్ బాల్కనీ కూడా వద్దు, ఆ పొగ పైఇంటివాళ్ళ కిటికీలోకి పోతుంది.

పిల్లల విషయం విడిగా చెబుతున్నాను. ప్లాస్టిసైజర్లలో థాలేట్లు అనే రకం చాలాకాలంగా వాడుకలో ఉంది. 2008లో అమెరికాలో వచ్చిన చట్టం పిల్లల బొమ్మల్లో కొన్ని థాలేట్లు 0.1 శాతం మించకూడదని కట్టడి చేసింది. చేపల ఎర బొమ్మ కాదు కాబట్టి ఆ చట్టం దీనికి వర్తించదు. కానీ రంగురంగుల మెత్తటి పురుగు రెండేళ్ళ పిల్లకు జెల్లీ మిఠాయిలాగే కనిపిస్తుంది. థాలేట్లు లేని ప్లాస్టిసాల్ దొరుకుతుంది, నాలుగు డాలర్లు ఎక్కువైనా మీరు అదే కొనండి. అది కొన్నా ఎరల పెట్టెకు తాళం ఉండాలి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

రంగులకు ప్లాస్టిసాల్ కోసమే చేసిన ద్రవ రంగులు వాడండి. పిల్లల క్రాఫ్ట్ మెరుపుపొడి ఈ వేడికి ముడుచుకుపోతుంది, రంగు కూడా కారుతుంది. లేత రంగులతో మొదలుపెట్టి ముదురు వాటితో ముగించడం నా అలవాటు. ముందు వాటర్‌మెలన్, మిగిలినదాంట్లో గ్రీన్ పంప్‌కిన్, ఇంకా మిగిలితే జూన్‌బగ్ (ఇవన్నీ ఎర రంగుల పేర్లు), ఆఖరికి నలుపు. కరిగించిన ప్రతిసారీ కొంచెం పసుపు తిరుగుతుంది, ముదురు రంగులో అది కనిపించదు. టెక్సాస్‌లోని లేక్ ఫోర్క్ చెరువులో నాకు పెద్ద చేపలు ఎక్కువగా పడింది ఆ ఆఖరి నలుపుకే.

చిరిగిన పాత పురుగులను నీళ్ళలో పారేయకండి, చేపలు మింగుతాయి. ఇంటికి తెచ్చి, కొక్కేలు తీసి, కడిగి, రెండు మూడు రోజులు బాగా ఎండబెట్టి, చిన్న ముక్కలు చేసి కొత్తదాంట్లో కలుపుకోవచ్చు. జడ్-మ్యాన్ అనే కంపెనీవాళ్ళ ఎలాజ్‌టెక్ రకం పురుగులను మాత్రం వీటితో కలపకండి, ఒకే సంచిలో కూడా పెట్టకండి. అది వేరే పదార్థం, రెండూ తగిలితే కరిగి ముద్దవుతాయి. అలాగే గట్టి ప్లాస్టిక్ లూర్ల పక్కన పెడితే వాటి పెయింటు ఊడుతుంది. పోసిన పురుగులను ఒక రోజంతా తిన్నగా పరిచి ఉంచండి, వంకరగా పెడితే ఆ వంకర అలాగే ఉండిపోతుంది.

మిగిలిపోయిన పచ్చి ప్లాస్టిసాల్‌ను సింకులో పోయవద్దు. వేడి చేసి గట్టిపరిచి చెత్తలో వేయండి, లేదంటే సిటీవాళ్ళు ఇంటి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి.

ఇక అమ్మకం. సొంతానికి చేసుకున్నా, ఊరికే పంచిపెట్టినా ఇబ్బంది లేదు. అమ్మితే మాత్రం తయారుచేసినవాళ్ళు చేపల వేట సామాను మీద 10 శాతం ఫెడరల్ ఎక్సైజ్ పన్ను కట్టాలి. అందుకు ఫారం 720 అనే పన్ను పత్రం దాఖలు చేయాలి, మొత్తం చిన్నదే కదా అని మినహాయింపు ఉండదు. ఆ డబ్బు రాష్ట్రాల్లో చేపల సంరక్షణకే వెళుతుంది కాబట్టి నాకు దాని మీద అభ్యంతరం లేదు. అంతకన్నా ముఖ్యం, మీరు హెచ్-1బి మీద ఉన్నానని రాశారు. ఆ వీసా మీ కంపెనీలో ఆ ఉద్యోగానికే ఇచ్చినది. పక్కన తయారుచేసి అమ్మితే అనుమతి లేని పని కింద చూసే ప్రమాదం ఉంది, పది డాలర్ల ప్యాకెట్ అయినా సరే. ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగకుండా ఒక్కటి కూడా అమ్మకండి. గ్రీన్‌కార్డ్ వచ్చేదాకా నేను స్నేహితులకు ఊరికే ఇచ్చాను, వాళ్ళు నన్ను పడవలో తీసుకెళ్ళేవారు.

మోల్డు ఏది అనుకుంటున్నారో మీరు రాయలేదు. పైన తెరిచి ఉండే ఒక్క పలక మోల్డుతో మొదలుపెడితే పైన చెప్పినదంతా సరిపోతుంది. ఇంజెక్టర్‌తో (సిరంజిలాంటి పనిముట్టుతో) కొట్టే రెండు పలకల అల్యూమినియం మోల్డు కొంటే వేరే ఒడుపు కావాలి. ఏదో చెప్పండి, దాని సంగతి విడిగా రాస్తాను.